పదిహేడో వరస

నేను తోసే బండిని చూస్తే మీరు నవ్వుతారు. అచ్చం పసిపిల్లల్ని తిప్పే బండిలాగే ఉంటుంది, కాకపోతే పిల్లాడి బదులు నారింజరంగు పెట్టె. ఆ పెట్టె నేలలోకి అలలు వదులుతుంది. లోపల ఏదైనా తగిలితే అల వెనక్కొచ్చి, తెర మీద విల్లులా ఒక వంపు పడుతుంది. రాడార్ అంటారు దాన్ని. భూమిలో పాత గోడలు, సమాధులు, సొరంగాలు ఎక్కడున్నాయో తవ్వకుండానే కనిపెట్టడం మా పని. నేను చదివింది పదో తరగతి, అదీ రెండు దండయాత్రల తర్వాత. అయినా అంత చదువుకున్న మా మేడమ్ కూడా వంపు చూపించి "ఇదేమంటావు?" అని నన్నే అడిగేది. పొగడ్త ఎవరికి చేదు చెప్పండి!

పద్ధతి ఏమిటంటే, అరమీటరుకో వరస చొప్పున దారాలు కడతాం. ప్రతి వరస వెంబడీ బండి తోయాలి. ఒక్కటి కూడా వదలకూడదు.

నేను ఒకటి వదిలాను.

పాత ధాన్యపు కొట్టు అది. రాతిగోడలు, మట్టినేల, పొడుగాటి హాలు. పదిహేడో వరసకి అడ్డంగా రాతిపలకల దొంతర ఉంది. దాన్ని జరపాలంటే నలుగురు మనుషులు కావాలి. నాకేమో ఆకలి దంచేస్తోంది. పదహారో వరసనే ఇంకోసారి తోసి, పదిహేడు అని రాసేశాను. గట్టి నేల అని తేలింది. తర్వాత పలకలు జరిపించి, గట్టి నేలైతే దిగడానికి భయం లేదని తవ్వకం అక్కడే మొదలుపెట్టారు. తవ్వేవాడు నా తమ్ముడు.

"అన్నయ్యా, కింద బోలుగా ఏం లేదుగా?"

"బోలుగా ఉన్నది నీ బుర్రరా. దిగు."

దిగాడు. కింద సొరంగం ఉంది. దాని పైకప్పు కూలింది. నాలుగు రోజులు వెతికారు. పక్కలు కూడా విరిగిపడుతుంటే ఆపేసి, గుంట పూడ్చేశారు. మనిషి దొరకలేదు. నేను రాసింది ఎవరూ తిరగేసి చూడలేదు.

ఏడాదిపాటు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, మరదలు మళ్ళీ రాడార్ పెట్టించింది. "ఆయన ఎక్కడున్నాడో చూపిస్తే చాలు బావగారూ. అంతకంటే ఏమీ అడగను" అంది. మరి బండి తోసేది ఎవరు? నేనే.

మిట్టమధ్యాహ్నం. కిటికీలకు చెక్కలు కొట్టేసి ఉన్నాయి. లోపల తడిసిన గోనెసంచుల వాసన. దూలాల మీద ఎక్కడో పావురం ఒకటి రెక్కలు టపటపలాడించి ఊరుకుంది. మరదలు గుమ్మంలో నిలబడింది. మేడమ్ బల్ల ముందు, తెర దగ్గర.

పదిహేడో వరస తోశాను. సరిగ్గా తమ్ముడు దిగిన చోట వంపు పడింది.

"రెండు మీటర్ల లోతు" అంది మేడమ్ మెల్లగా. "ఇంకోసారి తోయి."

తోశాను. చక్రాలు కిర్రుమన్నాయి.

"మీటరున్నర."

"ఇందాక రెండన్నారు కదా?"

"అదే చూస్తున్నా. మళ్ళీ తోయి."

తోశాను.

"మీటరు..."

పైకి వస్తోంది. నేల వైపు చూశాను. చీమంత కదలిక లేదు. బండి అక్కడే వదిలేసి తెర దగ్గరికి వెళ్ళాను.

"వంపు ఎంత వెడల్పుందో చూడు" అని గొణిగింది మేడమ్.

చూశాను. నాకు అర్థమైంది. మట్టిలో అల నెమ్మదిగా నడుస్తుంది, వంపు ఇరుగ్గా పడుతుంది. గాలిలో మూడింతల వేగం, అప్పుడు వంపు వెడల్పు. పెట్టె నుంచి పైకి కూడా కాస్త అల పోతుంది. పక్కన స్తంభం ఉన్నా, మనిషి నిలబడినా తెర మీద పడిపోతారు.

"ఇది నేలలో లేదు" అంది మేడమ్. "హాల్లో ఉంది. మొదటిసారి నీకు ఆరు మీటర్ల దూరంలో. ఇప్పుడు... మూడు."

హాల్లో స్తంభాలు లేవు. ఏమీ లేదు.

"ఏమైంది బావగారూ? దొరికాడా?" గుమ్మంలోంచి మరదలు అడిగింది.

ఆ రోజు ఈ వరస నేను తోయలేదమ్మా... ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"లేదమ్మా. గట్టి నేల."

తల ఊపింది. ఏడవలేదు. చెంగు భుజం మీదుగా లాక్కుని వెళ్ళిపోయింది.

మేడమ్ నా మొహం వైపు చూడకుండా "చివరిసారి" అంది. బండి పట్టుకున్నాను. తేలిగ్గా ఉంది... నేను తోయకముందే పోతున్నట్టుంది. తోసి వచ్చి చూస్తే తెర మీద వంపు లేదు. దాని బదులు, ఈ చివర నుంచి ఆ చివరదాకా, అడ్డంగా తిన్నని గీత.

వంపంటే మనం దాటి వచ్చేసిన వస్తువు. గీతంటే... మనతో పాటు నడుస్తున్నది.

ఇది జరిగి మూడేళ్ళు. చోట్లు మారాయి, పెట్టె మారింది, చక్రాలు కూడా మార్పించాను. గీత మాత్రం పోలేదు. మేడమ్ ఏమీ అడగదు. ఒక మీట నొక్కితే గీత చెరిగిపోతుంది, శుభ్రమైన బొమ్మ ఆఫీసుకి వెళ్ళిపోతుంది. నాకూ అలవాటైపోయింది. బతికుండగా నా వెనక ఇంత బుద్ధిగా ఎప్పుడు నడిచాడు వెధవ, అనుకుంటూ నాలో నేనే నవ్వుకునేవాణ్ణి కూడా.

నిన్న కొత్త చోట మొదటి వరస తోశాను. మేడమ్ మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగిపోయింది.

గీతలు రెండున్నాయి.

రెండోది మొదటిదాని కంటే నాకు దగ్గరగా ఉంది.

పొద్దున్నుంచీ మరదలి నంబరు తీసి, ఫోను చేతిలో పట్టుకుని కూచున్నాను... చేయడానికి ధైర్యం చాలడం లేదు.