నడుముకట్టులో రాగులు

"చిక్కలింగయ్యా, రాగులు మొలకెత్తించడం వచ్చా నీకు?" అన్నాడు కర్నల్ మందణ్ణ.

పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఏజెంట్ నలభై ఒకటిని ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు.

"మండ్య వాణ్ణి సార్. ముద్ద తినడం వచ్చు."

"చాలదు. కొత్త అగ్గితెగులుకు మూడు జిల్లాల్లో రాగి పంట పోయింది. తట్టుకునే విత్తనం మా దగ్గరుందంటూ ఓ విదేశీ ముఠా బేరానికొచ్చింది. పచ్చి అబద్ధం. ఆ గుణమున్న పాత నల్లకంకి రకం ఒక్కచోటే ఉంది. నాగమంగళ దగ్గర దేవీరమ్మ అనే అవ్వ ఇంటి పాతరలో, ముప్పై ఒక్కేళ్ల కింద మూసిన కుండలో. ముఠా దాన్ని ఎత్తుకుపోవాలని చూస్తోంది."

"అంత పాతవి మొలుస్తాయా సార్?"

"మొలిపించడమే మిషన్. విత్తనాల డాక్టర్ వారిజ నీతో వస్తుంది. ఆమెదీ మీ సీమే. 'ముద్దలోకి ఏముంది' అంటే 'ఉప్పుంది' అనాలి. అదీ కోడ్."

"పులుసు కూడా పొయ్యరా సార్ మన డిపార్టుమెంటులో?"

కర్నల్ నవ్వలేదు.

చిక్కలింగయ్య గదికి తాళం వేశాడు. వెళ్లొస్తానని చెప్పడానికి ఎవరూ లేరు. మార్చిన పేర్లకు లెక్కలేదు గానీ, సొంత పేరుతో పిలిచేది మాత్రం కర్నల్ ఒక్కడే.

కంబళ్ల వ్యాపారి వేషంలో అతన్ని చూసి దేవీరమ్మ పకపకా నవ్వింది. "ఎండాకాలంలో కంబళ్లా అయ్యా? నీ వ్యాపారం బాగుపడినట్టే!"

అతని వెనకే నల్లకళ్లద్దాలు, పట్టుచీరతో వారిజ. ఆమె నవ్వితే ఎదుటివాడు చెప్పాల్సింది మరిచిపోతాడు. పెరట్లో పాతర మూతరాయి జరపగానే ఆమె చెప్పులు విడిచి లోపలికి కాలు దింపబోయింది. చిక్కలింగయ్య చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"ఏ ఊరి పిల్లవే నువ్వు!" అని అరిచింది అవ్వ. "దీపం దించకుండా పాతరలో కాలు పెడతావా?"

తాడుకు కట్టి దించిన దీపం సగంలోనే ఆరిపోయింది. లోపలంతా విషపు గాలి.

"చదువులో పడి మరిచిపోయాను," అంది వారిజ.

ఆ సీమలో పాలు మరవని పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. ఎంత చదివినా మరిచిపోయేది కాదు.

మర్నాడు దీపం ఆరకుండా నిలిచింది. అతనే దిగి కుండ తెచ్చాడు. బూడిద దులిపితే మిగిలినవి గుప్పెడు గింజలు. వారిజ ఫోన్ చేసుకోవాలని టౌనుకు బయల్దేరింది. ఆ వీలు చూసుకుని చిక్కలింగయ్య అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఆమె మన సీమది కాదు, ముఠా మనిషి. పట్టుకోవచ్చు. కానీ ఇంకొకరిని పంపుతారు. విత్తనం దొరికిందనుకుంటేనే మళ్లీ రారు. ఇంట్లో తినే రాగులు కాసిని వేయించగలవా? పేలకూడదు. రంగు మారకూడదు."

"నాకా చెబుతున్నావు?" అని అవ్వ పెనం ఎక్కించింది. వేయించినవి కుండలోకి, వారిజ విత్తనాలకని తెచ్చిన డబ్బాలోకి చేరాయి. అసలువి తడిగుడ్డలోకి చేరాయి.

"పొయ్యి పక్కన పెడితే ఉడికిపోతాయి. ముసలి గింజలకు ఒంటి వేడే మంచిది. మా ఆయన నడుముకు కట్టుకునేవాడు. ఆయన పోయిన ఏడు మూసిన కుండ ఇది. మళ్లీ తెరవడానికి మనసొప్పలేదు," అంది అవ్వ. "నా ఒంట్లో వేడెక్కడిది? నువ్వు కట్టుకో."

కట్టుకున్నాడు. డిపార్టుమెంటు ఇచ్చిన సీక్రెట్ కెమెరా సంచిలోనే ఉండిపోయింది. పూటపూటా గుడ్డ తడిపాడు. బోర్లా పడుకోవడం మానేశాడు. తన ఒంటి వెచ్చదనం ఒకరికి అవసరం పడటం అతనికి ఇదే మొదటిసారి. మూడోరోజు ఎవరూ లేనప్పుడు మూటతో మాట్లాడాడు. నాలుగు, ఐదు రోజులు గడిచినా మొలక లేదు. అతనికి తిండి సయించలేదు.

ఆరోరోజు మధ్యాహ్నం వారిజ చేతిలో పిస్టల్ కనిపించింది.

"డబ్బా. కుండ కూడా."

రెండూ ఇచ్చాడు.

"మొత్తం ఇంతేనా? చొక్కా కింద ఏమిటది?"

"హెర్నియా. బెల్టు."

పిస్టల్ మొన వచ్చి మూటకు ఆనింది. గింజలు నలుగుతాయేమోనని చిక్కలింగయ్య నడుము వెనక్కి లాక్కున్నాడు. తన ప్రాణం సంగతి అతనికి గుర్తే లేదు.

వంటింట్లోంచి అవ్వ కేక పెట్టింది. "ఆపరేషన్ చేయించుకోవయ్యా అంటే వినవు! విప్పి చూపించు, ఆ అమ్మాయైనా బుద్ధి చెబుతుంది!"

వారిజ మొహం చిట్లించి పిస్టల్ వెనక్కి తీసుకుంది. బయట జీపు హారన్ మోగింది.

"ఆరోజు చెయ్యి పట్టి లాగావు," అంది గుమ్మం దగ్గర ఆగి. "అందుకే కాల్చడం లేదు."

జీపు చప్పుడు దూరమయ్యాక మూట విప్పాడు. అవ్వ కళ్లు చికిలించి చూసింది. ఒక తెల్లటి మొన. దాని పక్కన ఇంకొకటి. మొత్తం ఏడు.

చిక్కలింగయ్య ఏడ్చేశాడు. అవ్వ ఓదార్చలేదు. ఆమె కూడా ఏడుస్తోంది.

మొలకల్ని మట్టిమూకుడులో పెట్టాక అతని నడుము చల్లబడింది. ఏదో పోగొట్టుకున్నట్టు చేత్తో తడుముకున్నాడు.

పోస్టాఫీసు ఫోన్‌లో కర్నల్ అడిగాడు. "ముద్దలోకి ఏముంది?"

"పులుసుంది సార్."

"కోడ్ తప్పు!"

"నిజంగానే ఉంది సార్. అవ్వ వడ్డించి ఎదురుచూస్తోంది. ఏడు మొలిచాయి. కంకి వేసేదాకా నేను రాను."

విదేశంలో ఎక్కడో ఓ గాజుగదిలో పెద్ద పెద్ద సైంటిస్టులు వేయించిన రాగులకు రెండు పూటలా నీళ్లు చల్లుతూ, ఓపిగ్గా ఎదురుచూస్తూనే ఉన్నారట.