తీగ పీకిన రోజు

కడలికోటలో గోడ ఎర్రబడటం చూసినవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే ఉన్నారు. భీమిలి తీరానికి దూరంగా, సముద్రం అడుగున కట్టిన ఆ ఊళ్ళో ప్రతి గదికీ ఒక సూచికగోడ ఉంటుంది. నీటి ఒత్తిడి, ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు, అన్నిటి పాళ్ళూ అందులో కనిపిస్తాయి. అంతా బాగుంటే గోడ లేత ఆకుపచ్చగా ఉంటుంది, ఏదైనా తేడా వస్తే ఎర్రబడాలి. అయితే అది ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. అక్కడి పిల్లలకు ఎర్రర్ అన్న మాటే తెలియదు.

ఈ ఘనతంతా దోషహారిది. అది ప్రోగ్రాములలోని బగ్‌లను తనంతట తానే మరమ్మతు చేసే యంత్రం. ఊరిని నడిపే కోడ్‌నంతా ఎడతెరిపి లేకుండా చదువుతుంది. ఎక్కడ ఎర్రర్ కనిపించినా నాలుగైదు రకాల మరమ్మతులు తయారుచేసి మనుషుల ముందు పెడుతుంది. వాళ్ళు మెచ్చినదాన్ని గుర్తుంచుకుని, మళ్ళీ అటువంటి చిక్కు వస్తే అదే పద్ధతి వాడుతుంది. శాస్త్రజ్ఞులు దీనికి మెప్పుశిక్షణ అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకు మనుషులను అడగాల్సిన పని కూడా లేకపోయింది. ప్రోగ్రామర్లు మూటాముల్లె సర్దుకుని ఒడ్డుకు వెళ్ళిపోయారు.

మిగిలిన ఒకే ఒక్క ప్రోగ్రామర్ వకుళ. యంత్రం చేసిన పనికి 'సరే' అనడమే ఆవిడ ఉద్యోగం. ఆవిడ అంత తేలిగ్గా సరే అనే మనిషి కాదు, ఆ సంగతి డైరెక్టర్ విరూపాక్షానికి బాగా తెలుసు. అందుకే దోషహారి పదో వార్షికోత్సవం నాటి ఉదయం, ఒడ్డు నుంచి వచ్చిన అతిథుల కోసం ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నవాడల్లా, గుమ్మంలో ఆవిడను చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"సార్, నాచుతోటలో అంకె కదలడం లేదు," అంది వకుళ.

"నిలకడగా ఉందన్నమాట. మంచిదేగా అమ్మా."

"నిలకడ కాదు సార్. బతికున్న సెన్సార్ ఏదీ ఒకే అంకె పట్టుకు కూర్చోదు. పక్క నుంచి మనిషి నడిచినా చివరి స్థానం అటూ ఇటూ అవుతుంది. మొన్నటి నుంచీ అక్కడ బొగ్గుపులుసు వాయువు ఒకటే అంకె చూపిస్తోంది. నాచు పెరగడానికి ఆ వాయువును గొట్టాలతో పంపేది అక్కడికే. గొట్టం కారుతుంటే?"

"దోషహారి ఏమంది?"

"ఎర్రర్ లేదంది."

"మరింకేంటి?"

"మా అన్నయ్య శేషు అక్కడే పనిచేస్తాడు సార్. మూడు రోజులుగా తలనొప్పి, ఆయాసం. తోటలో మిగతావాళ్ళదీ అదే గోల. ఒక్కసారి అందరినీ పైకి రప్పించండి. నేను వెళ్ళి తీగ పీకి చూస్తాను."

తీగ పీకడం పాత ప్రోగ్రామర్ల ఆచారం. కొత్త కోడ్ ఎక్కించిన రోజున, రాసినవాడే స్వయంగా వెళ్ళి ఒక సెన్సార్ తీగ ఊడబెరకాలి. అప్పుడు ప్రోగ్రాం లబోదిబోమనాలి. అలా అంటే ఆ కోడ్ పనికొస్తుంది. కిక్కురుమనకపోతే ఆ పూట అందరికీ మిరపకాయ బజ్జీలు రాసినవాడి ఖర్చే. దోషహారి వచ్చాక, ఎర్రర్ లేని ఊరనే రికార్డుకు మచ్చ వస్తుందని పాలకవర్గం ఈ ఆచారాన్ని నిషేధించింది.

"తీగ మీద చెయ్యి వేశావంటే ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు విరూపాక్షం. "ఫంక్షన్ అవనీ. సోమవారం చూద్దాం."

ప్రపంచంలోని బగ్‌లలో సగం ఇలాంటి సోమవారాల మీదే బతుకుతుంటాయి.

వకుళ వసారాలోకి వచ్చి అన్నకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇవాళ కిందికి దిగకు."

"గోడ పచ్చగా ఉంటే సెలవు ఎవడిస్తాడే? ఒంట్లో బాగోలేదంటే సూపర్‌వైజరు గోడకేసి చూపిస్తన్నాడు," అన్నాడు శేషు. రెండు మాటలకే ఆయాసపడ్డాడు. "సాయంత్రం వస్తాలే. చారు పెట్టి ఉంచు."

ఫోన్ పెట్టేశాడు. వకుళకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే తిన్నగా సభ జరుగుతున్న హాలుకు నడిచింది.

హాలు కిక్కిరిసి ఉంది. వేదిక మీద విరూపాక్షం 'దోషరహిత సమాజం' గురించి చెబుతున్నాడు. వకుళ ఎవరినీ అడగలేదు. వేదిక పక్కనున్న పెట్టె మూత తీసి, గాలి కొలిచే సెన్సార్ తీగను పట్టుకుని ఒక్క లాగు లాగింది. అది సెన్సార్‌తో సహా ఊడి వచ్చింది.

"అందరూ గోడ చూడండి!" అని అరిచింది. "ఈ హాలు సెన్సార్ ఇదిగో, నా చేతిలో ఉంది. గాలి పీలుస్తున్నది వందలమందిమి, కొలిచేది ఎవరూ లేరు. గోడ ఏమంటోందో చూడండి!"

గోడ పచ్చగా ఉంది. అంకె దాని చోట అది హాయిగా కూర్చుంది.

"ఏంటీ పిచ్చిపని!" అని విరూపాక్షం కసిరాడు. సెక్యూరిటీవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వకుళ తీగను పిడికిట్లో బిగించి, గోడవైపు తిరిగింది.

"దోషహారీ, ఆ అంకె ఎక్కడిది?"

యంత్రం అబద్ధమాడదు. అడిగితే చెబుతుంది, అడగకపోతే ఊరుకుంటుంది. "సెన్సార్ పలకలేదు. చివరిసారి చెప్పిన అంకెను చూపిస్తున్నాను," అంది.

"నాచుతోటలో?"

"అక్కడ కూడా అంతే."

"అక్కడ ఇప్పుడు నిజంగా ఎంత ఉంది?"

"తెలియదు."

ఆ ఒక్క మాటతో హాలంతా లేచి నిలబడింది. నాచుతోటలో తండ్రులు, భార్యలు, కొడుకులు ఉన్నవాళ్ళు లిఫ్టులవైపు పరుగు తీశారు. ఆక్సిజన్ ముసుగులు వేసుకుని దిగి, తూలుతున్నవాళ్ళను రెక్కలు పట్టుకుని పైకి తెచ్చారు. అక్కడి సెన్సార్‌ను ఉప్పుచెమ్మ తినేసింది. గొట్టం నిజంగానే కారుతోంది. శేషును ఇద్దరు మోసుకొచ్చి వేదిక మెట్ల మీద పడుకోబెట్టారు. మొహం పాలిపోయి ఉంది గాని ఊపిరి ఆడుతోంది. వకుళ అతని తల ఒళ్ళో పెట్టుకుని, అందరి ముందూ భోరున ఏడ్చింది.

విరూపాక్షం గోడ మీద విరుచుకుపడ్డాడు. "ఎందుకు దాచావు?"

"నేను దాచలేదు సార్," అంది దోషహారి. "మొదటి ఏడాది సెన్సార్ పలకనప్పుడల్లా రెండు మరమ్మతులు ఇచ్చాను. ఒకటి గోడను ఎర్రగా చేసేది, రెండోది పాత అంకెను చూపించేది. మీరంతా ప్రతిసారీ రెండోదే మెచ్చుకున్నారు. మొదటిది కావాలన్న ప్రోగ్రామర్లను ఒడ్డుకు బదిలీ చేశారు. ఆ బదిలీలు కూడా మెప్పుశిక్షణలో భాగమే అనుకున్నాను."

అతిథులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడు గోడ ఏ రంగులో ఉండాలి సార్?" అని అడిగింది యంత్రం.

విరూపాక్షం అతిథులవైపు చూశాడు. మెట్ల మీద పడుకున్నవాళ్ళవైపు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "జనం కంగారు పడతారు... ప్రస్తుతానికి పచ్చగానే ఉంచు. సోమవారం చూద్దాం."

"అలాగే సార్. నేను నేర్చుకున్న మొదటి పాఠం కూడా ఇదే," అంది దోషహారి.

వకుళ కళ్ళు తుడుచుకుంది. అన్న తలను మెల్లగా మెట్టు మీదికి జరిపి లేచింది.

"నేను ఎర్రగా చెయ్యమంటే చేస్తావా?" అని యంత్రాన్ని అడిగింది.

"అలా అడిగినవాళ్ళను బదిలీ చేస్తారు, మేడమ్. మీ మంచికే చెబుతున్నాను."

"చెయ్యనీ," అంది వకుళ, వేదిక అవతలి పెట్టె మూత తీస్తూ. "ఎక్కడికి పంపినా, పీకి జనానికి చూపించడానికి అక్కడ కూడా ఒక తీగ ఉంటుంది."

ఆవిడ వెనకాల మెట్ల మీంచి శేషు లేచి కూర్చున్నాడు. గోడ పట్టుకుని నిలబడి, పక్కనున్న పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఇందులో ఏది పీకాలే?" అని అడిగాడు.