ఏడో మడుగు తూకం

మూడో ఈడ్పు పూర్తయ్యేసరికి కరుణ చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. అయస్కాంతపు డోలు మడుగులోంచి లేచి, తనకు అంటుకున్న లోహాంగారాన్ని పళ్లెంలోకి విదిలించింది. కందికట్టెను గాలి సోకకుండా కాల్చి, ఇనుము పట్టించి చేసిన గింజలవి. ఒక్కొక్కటి ఇసుక రేణువంత. ఎగువన రంగుల కార్ఖానాలు యాభై ఏళ్లపాటు నేలకు తాగించిన కాడ్మియం అనే విషలోహం ఏట్లోకి ఊరి, కంటికి ఆనని వాటి రంధ్రాల్లో చిక్కుకుని ఉంటుంది. పొద్దున చల్లడం, మధ్యాహ్నానికి ఈడ్చడం, ఆమ్లంలో కడిగి మర్నాడు మళ్లీ చల్లడం. గండిలేరు మీది పదకొండు మడుగుల్లో పన్నెండేళ్లుగా ఇదే పని.

"ఏడో మడుగు. చల్లినదానికంటే తిరుగుతూకం అరవై గ్రాములు తక్కువ," అంది గోడలోంచి, తూకాల లెక్క చూసే యంత్రం తీర్పరి. "వరసగా ఇది తొమ్మిదో రోజు. రెండు గంటలకు అడుగుతోడు."

అడుగుతోడంటే పెద్ద అయస్కాంతం మడుగు అడుగున కూర్చుని బురదతో సహా అన్నీ పెరుక్కుని వస్తుంది. ఈ తొమ్మిది రోజుల్లో కరుణ కాటా మార్చి చూసింది, జల్లెడ మార్చి చూసింది. తగ్గేది ప్రతిసారీ ఏడో మడుగులోనే, అదీ కొంచెమే. ఎందుకు? ఆ ప్రశ్న ఆమెను అన్నం కూడా తిననివ్వలేదు. చేతి అయస్కాంతం పట్టుకుని మడుగులోకి దిగింది.

గులకరాళ్ల మీదికి దాన్ని వంచగానే, బియ్యపు గింజంత నల్లటి గొట్టాలు పదులకొద్దీ ఒక్కసారిగా నిటారుగా లేచి నిలబడ్డాయి. చెయ్యి తీసేసింది. పడుకున్నాయి. కాసేపటికి ఒక గొట్టంలోంచి గోధుమరంగు తల బయటికొచ్చి, ఆరు కాళ్లతో రాయి పట్టుకుని, ఇల్లంతా ఈడ్చుకుంటూ నడవసాగింది.

"యాకోబన్నా! ఇట్రా, తొందరగా!"

దిగువ గేట్లు చూసే యాకోబు గట్టు మీంచి వంగి చూశాడు. "పురుగులా?"

"గింజల్ని ఏరుకుని, నోట్లోంచి దారం తీసి కుట్టుకున్నాయన్నా. గూళ్లు కట్టుకున్నాయి. ఈ ఏట్లో దోమపిల్ల తప్ప ఇంకో ప్రాణం చూశామా మనం?"

యాకోబు నవ్వలేదు. "ఆ గూళ్ల నిండా విషమే కదమ్మా. ఈ మడుగు నీళ్లే మా వీధి కుళాయిల్లో వచ్చేది. మా మనవరాలు తాగేది."

ఆ మాట నిజం. కరుణ ఇరవై గూళ్లను గాజుగిన్నెలో శుద్ధజలంలో వేసి గంటన్నర ఆగింది. యాకోబు పక్కనే నిలబడి మీటరు వంకే చూశాడు. నీళ్లలోకి కాడ్మియం దిగలేదు. పురుగులు మాత్రం గిన్నె అంచుల వెంట దారి వెతుక్కుంటున్నాయి.

"ఇవాళ దిగలేదు," అన్నాడు యాకోబు. "రేపు రెక్కలొచ్చి ఎగిరిపోతే? ఆ గూళ్లు చివికితే? చేప మింగితే?"

"తెలీదన్నా."

"తెలీకుండా ఎట్టా వదిలేద్దామంటావ్?"

"వదిలేద్దామనట్లేదు. తోడేశాక తెలుసుకోటానికి ఏముంటుంది? ఒక్క వారం చూద్దాం."

యాకోబు గిన్నెను ఎండకెత్తి పట్టుకున్నాడు. ఒక పురుగు గూటి మూతి దగ్గర కొత్త గింజ పెట్టి, సరిపోక తీసి, తిప్పి మళ్లీ పెట్టింది. ఆయన అది అతికేదాకా చూశాడు.

"కుళాయిల వైపు గేటు వారం మూస్తాను," అన్నాడు చివరికి. "ఆరో మడుగు నీళ్లతో సర్దుకుంటాం. ధార సన్నగా వస్తుంది, మా వీధోళ్లు నన్ను కడిగేస్తారు. కడగనీ."

రెండు కావస్తోంది. పెద్ద అయస్కాంతం గొలుసుల మీద కిందికి దిగుతోంది.

"అరవై గ్రాములు," అంది తీర్పరి. "దొరికిందా, పోయిందా?"

దొరికిందంటే తూకంలో చూపించాలి. పోయిందంటే తోడాలి. ఇన్నేళ్లలో ఆ రెండు మాటలు తప్ప మూడోది ఎవరూ చెప్పలేదు.

"దొరికింది," అంది కరుణ. "తిరిగి రాదు. వాడుకలో ఉంది."

ఆ మాటకు తీర్పరి లెక్కల్లో గడి లేదు; అది తేలేదాకా పనంతా ఆపసాగింది. గొలుసు చప్పుడు ఆగిపోయింది. అయస్కాంతం నీటికి జానెడు ఎత్తున ఊగుతూ నిలిచింది. తర్వాత ఆరో మడుగు డోలు ఆగింది. ఐదోది. ఎనిమిదోది. ఏటి పొడవునా ఒక్కొక్కటే ఆగిపోతుంటే, పన్నెండేళ్లుగా మోటార్ల కింద అణిగిపోయిన నీటి సవ్వడి ఇద్దరికీ వినిపించింది.

"వాడుకదారు పేరు?" అంది తీర్పరి.

కరుణ యాకోబు వైపు చూసింది. "పురుగని చెప్పు," అన్నాడాయన గుసగుసగా.

"ఏ పురుగన్నా?"

"పేరు ఇంకా తెలియదు," అంది కరుణ గోడవైపు తిరిగి.

"ఎప్పటికి తెలుస్తుంది?"

"చూడాలి," అంటూ ఆమె భూతద్దం తీసుకుని మళ్లీ నీళ్లలోకి దిగింది.