సున్నా మిల్లీమీటర్లు

తూనీగకు ఆ ఉదయం కాళ్ళు నేలమీద నిలవడం లేదు. మామూలు రోజుల్లోనూ నిలవవు కాబట్టే ఎనిమిదో తరగతికి వచ్చినా ఇంట్లో ఆ ముద్దుపేరు పోలేదు. ఇవాళ మాత్రం తగిన కారణం ఉంది. వానల మీద పరిశోధన చేసే ఆవిడ తొమ్మిదింటికి వాళ్ళింటికే వస్తోంది. నలభై బడుల పిల్లలు రోజూ ఉదయం ఎనిమిదింటికి తమ డాబాల మీద వాన కొలిచి ఆవిడకు పంపుతుంటే, ఆవిడ వెతుక్కుంటూ వస్తున్నది ఈ ఒక్క ఇంటికే.

"ఊరంతా ఎండిపోయినా మన డాబా మీద వాన పడుతోంది నాయనమ్మా! ఎందుకో ఎవరికీ తెలీదట. మనమే కనిపెడతామేమో!"

నాయనమ్మ తలూపి టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. ఆ వాన ఎక్కడి నుంచి పడుతోందో ఆవిడకు బాగా తెలుసు. ఆవిడ దగ్గుమందు మూతలోంచి పడుతోంది.

ఇదంతా పదిహేను రోజుల కిందట మొదలైంది. కళ్ళజోళ్ళ షాపు నడిపే కొడుకు, కూతురి నోటుపుస్తకంలో వరసగా తొమ్మిది సున్నాలు చూసి మండిపడ్డాడు. సున్నాలు రాయడానికి రోజూ డాబా ఎక్కాలా, ఆ సమయంలో లెక్కలు చేసుకుంటే పరీక్షలోనైనా సున్నా తప్పుతుంది కదా అన్నాడు. ఇంకో వారం ఇలాగే ఉంటే వాన కొలిచే సీసా తీసేసి పొద్దుటి ట్యూషన్‌లో చేర్పిస్తానని తేల్చేశాడు. సర్దిచెప్పబోయిన కోడలికీ అక్షింతలు పడ్డాయి. పిల్ల ముద్ద దిగక కంచం ముందు నుంచి లేచిపోతే నాయనమ్మ ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు తెల్లవారగానే మోకాళ్ళను తిట్టుకుంటూ ఆవిడ డాబా ఎక్కింది. సీసాలో చుక్క లేదు. మందు మూతతో పది మిల్లీలీటర్లు కొలిచి పోసింది. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన చెయ్యి కదా, రవ్వంత కూడా అటూ ఇటూ కాలేదు. ఎనిమిదింటికి పైనుంచి "రెండు మిల్లీమీటర్లు!" అన్న కేక వినగానే ఆవిడకు పదేళ్ళ వయసు తగ్గినట్టయింది. ఆ రుచి మరిగాక ఇక ఆగలేదు. వాన పడని ప్రతి పొద్దూ ఒక మూత.

పరిశోధకురాలు స్కూటర్ దిగుతూనే డాబా మీదికి వెళ్ళింది. పైన చెట్టుకొమ్మ ఏదైనా ఉందా, నీళ్ళ ట్యాంకు కారుతోందా అని చుట్టూ చూసింది. వెనకే తూనీగ, అడగని సంగతులు కూడా గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. కిందికి వచ్చాక ఆవిడ కాగితాలు బల్ల మీద పరిచింది.

"పదకొండు రోజులు మిగతా అన్నిచోట్లా సున్నా. ఇక్కడ మాత్రం ప్రతిసారీ సరిగ్గా రెండు. వాన ఇంత పద్ధతిగా పడదండీ."

కారణం తెలియకపోతే ఈ ఇంటి నుంచి వచ్చిన రెండు నెలల కొలతలూ పక్కన పెట్టక తప్పదని మెల్లగా చెప్పింది. తూనీగ మొహం వాడిపోయింది. కొడుకు కూతురి వైపు తిరిగాడు. "నువ్వే పోశావా?"

"నేను పోయలేదు నాన్నా. సున్నా వచ్చిన రోజు సున్నా అనే రాశాను. నువ్వు తిట్టినా అదే రాశాను."

"మరి దెయ్యం వచ్చి పోసిందా?"

పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నాయనమ్మకు గుండె కలుక్కుమంది. ముప్పై ఏళ్ళలో ఒక్క రోగి చార్టులోనైనా లేని జ్వరం రాయలేదు తను. ఇప్పుడు పసిదాని చేత రాయించింది.

"దాన్నేమీ అనకురా. పోసింది నేను. సీసా తీసేస్తానన్నావుగా. పిల్ల మొహం చూడలేకపోయాను."

తూనీగ నాయనమ్మ వైపు తిరిగింది. "అంటే మన వాన అబద్ధమా నాయనమ్మా?"

నాయనమ్మ లేచి తన గదిలోకి వెళ్ళి, మంచం పక్కన వేలాడే క్యాలెండర్ తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. పదకొండు తేదీల కింద చిన్న అక్షరాల్లో 'పది' అని రాసి ఉంది.

"మందు ఇచ్చాక రాసిపెట్టకుండా ఉండలేనమ్మా, పాత అలవాటు. ఏ రోజు ఎంత పోశానో ఇందులో ఉంది. తప్పు నాది. నా మనవరాలి కష్టం పారెయ్యకండి."

పరిశోధకురాలు ఒక్కో తేదీనీ కాగితంతో సరిచూసింది. చూసేకొద్దీ ఆవిడ మొహం విప్పారింది. పదకొండుకు పదకొండూ సరిపోయాయి. వీటిని సున్నాలుగా దిద్దుకుని మిగతావన్నీ వాడుకోవచ్చని చెప్పింది. తూనీగ తల్లి కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకుంది.

"ఆ సున్నాలతో మీకేం పనండీ?" అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి.

"వాన లేకుండా వరసగా ఎన్ని రోజులు గడిచాయో తెలిస్తేనే కదండీ, నేల ఎంత ఎండిందో తెలిసేది. వాన పడిన రోజు అందరూ సంబరంగా పంపుతారు. సున్నాలు పంపేవాళ్ళే దొరకరు. మీ అమ్మాయి తొమ్మిది రోజులు ఒక్క రోజు కూడా మానకుండా పంపింది."

కొడుకు తన కళ్ళజోడు తీసి అవసరం లేకపోయినా తుడుచుకున్నాడు. కూతురి తల మీద చెయ్యి వేసి, తప్పైపోయిందిరా తల్లీ అన్నాడు.

తూనీగ మాత్రం ఆ రోజంతా నాయనమ్మతో మాట్లాడలేదు. ఆవిడ పిలిచినా వినిపించుకోలేదు. మర్నాడు ఎనిమిది కొట్టబోతుండగా నోటుపుస్తకంతో మంచం దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది.

"లే నాయనమ్మా. ఇకనుంచి కొలత నువ్వు చదవాలి, నేను రాయాలి."

"నన్ను నమ్ముతావా?"

"చేసిన తప్పు కూడా లెక్కగా రాసిపెట్టుకున్నావు. నిన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మను?"

నాయనమ్మకు కళ్ళు మసకబారాయి. మనవరాలి భుజం పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకెక్కింది. కళ్ళు తుడుచుకుని సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. షాపుకు బయల్దేరుతున్న కొడుకు వీధిలోంచి తలెత్తి, "ఎంత?" అని అరిచాడు.

"సున్నా!" అంది నాయనమ్మ, వీధంతా వినబడేలా.

"సరిగ్గా చూశావా అమ్మా?"

"ఒక్క చుక్క కూడా లేదురా!"

తూనీగ నవ్వుకుంటూ పుస్తకంలో గుండ్రంగా సున్నా చుట్టి, కింద సంతకం పెట్టమని నాయనమ్మకు పెన్ను అందించింది.