డిమ్ము కొట్టని జీపు

ఆదోనిలో పత్తి కమిషన్ దుకాణాల పైన, మేడ మీది గదిలో కృష్ణాబాయి ఆఫీసు. ఇన్సూరెన్సు కంపెనీల కోసం ప్రమాదాల నిజానిజాలు తేల్చి తేల్చి ఆమెకు మనుషుల అబద్ధాల మీద కోపం పోయింది, ఏవగింపు మిగిలింది. అబద్ధం ఆడినందుకు కాదు, అంత చేతకాకుండా ఆడినందుకు. ఆమె దగ్గర సహాయకుడిగా ఉన్న వేదవ్యాస్‌ది మంత్రాలయం. ఇంటిల్లిపాదీ మఠం సేవలో ఉంటే తానొక్కడు ఈమె సేవకు వచ్చినందుకు అతనికి లోలోపల గర్వంగా ఉండేది.

ఆ ఉదయం మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి గడప దగ్గరే ఆగిపోయింది. పేరు ఈశ్వరి అని, ఊరు పెద్దకడుబూరు అని అక్కడి నుంచే చెప్పింది.

"మా ఇంటాయన మనిషిని సంపినానని ఒప్పుకున్నాడమ్మా. ఆయప్ప సంపలేదు."

"నీకెట్లా తెలుసు?" అంది కృష్ణాబాయి.

"ఆ పొద్దు ఇంట్లో నా ఎదురుగా కూసోని శెనక్కాయలు ఒలుస్తాండె. అంత దూరం రోడ్డు మీద యాడ గుద్దుతాడు?"

విషయం ఇది. ఈశ్వరి మొగుడు తిరుపాల్ ఆదోనిలో జిన్నింగు మిల్లు ఉన్న గోవిందన్న దగ్గర జీపు డ్రైవరు. పోయిన వారం దీపాలు పెట్టే వేళ ఆ జీపు పెద్దకడుబూరు రోడ్డులో ఎదురుగా మోపెడ్ మీద వస్తున్న బసన్న అనే రైతును గుద్దింది. బసన్న అక్కడికక్కడే పోయాడు. జీపు ఆగలేదు. మర్నాడు తిరుపాల్ తనంతట తానే స్టేషన్‌కు పోయి, తోలింది నేనేనని రాసిచ్చాడు. బెయిలు మీద బయట ఉన్నాడు, ఇక జైలే మిగిలింది.

"ఇంట్లో ఉన్నవాడు ఎందుకు ఒప్పుకున్నాడు?"

"వాళ్ళ ఉప్పు తిన్నామంటాడు. ఇంటి జాగా ఇస్తామన్నారంట. ఆయప్ప జైలుకు పోతే నేనూ పిల్లోల్లూ ఆ జాగాలో కూసోని ఉప్పు తిని బతకాల్నా అమ్మా? పోలీసోల్లకు సెప్తే, పెండ్లాం సాచ్చికం ఎవడు నమ్ముతాడు పో అన్నారు."

"అదొక్కటి సరిగ్గానే చెప్పినారు," అంటూ కృష్ణాబాయి లేచింది. "వ్యాసూ, పద. పెండ్లాం కాని సాక్షిని వెతుకుదాం."

ప్రమాదం జరిగిన మలుపులో ఒక బస్ స్టాపు ఉంది. ఆ సాయంత్రం అక్కడ మంత్రాలయం బస్సు కోసం నిలబడ్డవాడు చక్రపాణి అని, రిటైరైన పంతులని టీ బంకువాడు చెప్పాడు. ఆయన ఇంట్లో ఉయ్యాల బల్ల మీద కూర్చుని, చూసిందంతా పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"జీపు పైన నాలుగు తెల్లలైట్లు. కన్ను తెరవనీయలేదు. డ్రైవరు డిమ్ము కొట్టినాడు, కాదనను. కింది హెడ్‌లైట్లు తగ్గినాయి. పైనవి మాత్రం తగ్గలేదు. పాపం ఆ మోపెడాయన చేయి అడ్డం పెట్టుకున్నాడు, ఇంతలో గుద్దిన చప్పుడు. ఆ చప్పుడుతోనే పైలైట్లు ఆరిపోయినాయి. కింది రెండింటితో జీపు వెళ్ళిపోయింది."

"చప్పుడుతోనేనా? కాసేపు ఆగి కాదు కదా?"

"రెప్ప కొట్టినంత సేపు కూడా లేదు."

"మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

చక్రపాణి ఉయ్యాల ఆపాడు. "సాక్ష్యమంటే కోర్టు చుట్టూ తిరగాల కదమ్మా. పైగా ఆ పొద్దు బస్సు కూడా వచ్చేసింది."

"నలభై ఏళ్ళు పిల్లలకు నీతిశతకాలు చెప్పింటారు," అని ఆమె చెప్పులేసుకుంది. వేదవ్యాస్ ఆయన మొహం చూడలేక ముందే బయటికొచ్చాడు.

పోలీసులు జీపును బ్రేకులు చూసి వదిలేశారు. అది గోవిందన్న మిల్లు ఆవరణలో, పత్తి బేళ్ళ పక్కన ఉంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది దాని వాలకం. హెడ్‌లైట్ల అద్దాలు పసుపు పట్టిపోయాయి, వైపరు విరిగింది, టైర్లు బోడి గుండ్లు. పైన మాత్రం పళ్ళెమంత లైట్లు నాలుగు. గోవిందన్న పంచె అంచు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. వెనకే అతని కొడుకు మహేశ్వర్, ఫోనులోంచి తలెత్తకుండా వచ్చాడు.

"ఈ లైట్లు ఎవరు పెట్టించినారు?" అంది కృష్ణాబాయి.

"డ్రైవర్లకు పిచ్చి ఉంటాదమ్మా," అన్నాడు గోవిందన్న. "నాకు గిట్టదు."

"నువ్వు ఈ జీపు తోలుతావా, బాబూ?"

"ఈ డబ్బానా? నేను ఎక్కనే ఎక్కను. నాకు కారుండాది," అన్నాడు మహేశ్వర్.

జీపు పక్కనే నిలబడ్డ తిరుపాల్ తల వంచుకుని, తాను రాసిచ్చిన మాటలే ఒప్పజెప్పాడు. ఎదుటివాడికి కళ్ళు చెదిరాయట. గుద్దాక భయమేసి పైలైట్లు ఆర్పి పారిపోయాడట.

"దేనితో ఆర్పినావు?"

"ఈ ఎర్ర స్విచ్చుతో అమ్మా," అని స్టీరింగు పక్కన చూపించాడు. ఆమె దాన్ని నొక్కింది. లైట్లు వెలగలేదు. స్టీరింగు మీది హారను నొక్కితే అది మాత్రం మోగింది, బ్యాటరీ బాగానే ఉంది.

"గుద్దుడుకు వైరు ఊడింటాది," అన్నాడు గోవిందన్న.

ఆమె ఆ స్విచ్చు వెనక్కి చెయ్యి పెట్టి, తడిమి చూసి చెయ్యి బయటికి తీసింది. తర్వాత బానెట్ ఎత్తించింది. బ్యాటరీ నుంచి లావుపాటి వైరు, దాని మొదట్లోనే ఫ్యూజు, అక్కడి నుంచి చిన్న స్విచ్చు నొక్కితే పెద్ద లైట్లకు కరెంటు వదిలే నల్లటి రిలే డబ్బా, అక్కడి నుంచి లైట్లకు. అంతా పద్ధతిగానే ఉంది. రిలే నుంచి సన్నటి వైరొకటి లోపలికి దూరి, కాళ్ళ కింది చాప అడుగున డ్రైవరు సీటు వైపు పోయింది. దాన్ని వేలితో కొంత దూరం వెంబడించి కృష్ణాబాయి చెయ్యి దులుపుకుంది. వేదవ్యాస్‌కు ఏమీ అర్థం కాలేదు. ఆమెకు అర్థమైందని మాత్రం అర్థమైంది.

రిలే డబ్బా మీద అతికించిన దుకాణం చీటీని బట్టి, ఆ వైరింగు చేసినవాడు యెమ్మిగనూరులో వీరేష్. మగ్గాల వీధి చివర అతని దుకాణం. గోవిందన్న పేరు వినగానే అతని చేతిలోని టేపు చుట్ట కింద పడింది.

"పైలైట్ల రిలేకు సన్నవైరు యాడ నుంచి తీయాల?" అని అడిగింది కృష్ణాబాయి.

"హెడ్‌లైటు పెద్ద వెలుగు వైరు నుంచి మేడం. అప్పుడు డిమ్ము కొడితే పైవి కూడా ఆరిపోతాయి. ఎదుటోనికి ఇబ్బంది ఉండదు."

"నువ్వు యాడ నుంచి తీసినావు?"

వీరేష్ నేల చూశాడు. "బ్యాటరీ నుంచి. వేరే స్విచ్చు పెట్టి. డిమ్ము కొట్టినా ఎలగాల్నన్నారు."

"ఎవరన్నారు?"

"ఓనర్లు. ఎవరో గెవనం లేదు మేడం."

"ఫ్యూజు మాత్రం శ్రద్ధగా పెట్టినావు. బండి కాలితే నీకు చెడ్డపేరు. మనిషి చస్తే నీకేం." ఆమె ఇంకేమీ అడగలేదు. "రేపు సాయంత్రం ఆదోని మిల్లు దగ్గరికి రా. రాకపోతే ఎస్సై వచ్చి తీసుకుపోతాడు."

మర్నాడు పొద్దు వాలే వేళకు మిల్లు ఆవరణలో అందరూ పోగయ్యారు. ఎస్సై అయిష్టంగా వచ్చి గడియారం చూసుకుంటున్నాడు. చక్రపాణి బస్సు వేళ గురించి గొణుగుతున్నాడు. ఈశ్వరి గేటు పక్కన నిలబడింది. కృష్ణాబాయి అందరినీ జీపు ముందు వరసగా నిలబెట్టింది. మహేశ్వర్ సరిగ్గా మధ్యలో ఉన్నాడు. తిరుపాల్‌ను డ్రైవరు సీటులో, వేదవ్యాస్‌ను అతని పక్కన కూర్చోబెట్టింది. వేదవ్యాస్‌కు ఏం చెయ్యాలో దారిలోనే చెప్పింది. 

"తిరుపాల్, పైలైట్లు వెయ్యి."

తిరుపాల్ ఎర్ర స్విచ్చు నొక్కాడు. ఏమీ లేదు.

"సెప్తిని కదమ్మా, వైరు ఊడిందని," అన్నాడు గోవిందన్న.

కృష్ణాబాయి తలూపింది. వేదవ్యాస్ చెయ్యి సీటు కిందికి పోయింది. మరుక్షణం నాలుగు లైట్లూ భగ్గుమన్నాయి. ఆవరణంతా తెల్లబడింది. వరసలో ఉన్నవాళ్ళంతా చేతులు అడ్డం పెట్టుకున్నారు, ఎస్సై టోపీ కిందికి లాక్కున్నాడు.

"ఆర్పు తిరుపాల్," అంది ఆమె పక్కకు జరిగి.

తిరుపాల్ ఎర్ర స్విచ్చు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. లైట్లు ఆరలేదు. బోర్డు మీదున్న మీటలన్నీ నొక్కుతున్నాడు.

"అది కాదురా దున్నపోతా," అని మహేశ్వర్ కళ్ళు మూసుకునే అరిచాడు. "సీటు కింద, ఎడమ పక్క. ఒత్తు."

వేదవ్యాస్ ఒత్తాడు. లైట్లు ఆరాయి.

"ఎక్కనే ఎక్కని డబ్బాలో సీటు కింద ఏముందో బాగా తెలుసే," అంది కృష్ణాబాయి.

"ఎప్పుడో చూసినాను," అన్నాడు మహేశ్వర్. ఆ గొంతులో నిన్నటి బడాయి లేదు.

"ఎస్సైగారూ, ఆ ఎర్ర స్విచ్చు వెనక ఒక్క వైరు కూడా లేదు. చెయ్యి పెట్టి చూడండి. బ్రేకులు చూసిన మీవాళ్ళు ఆ కష్టం పడలేదు. గుద్దిన మరుక్షణం పైలైట్లు ఆరినాయని ఈ పంతులుగారు చూసినారు. భయంలో, చీకట్లో, వెతుక్కోకుండా ఆర్పినాడంటే వాడికి స్విచ్చు చోటు చేతికి అలవాటై ఉండాల. తిరుపాల్‌కు ఇప్పుడు, ఇంతమంది ముందర కూడా అది యాడుందో తెలీదు. గోవిందన్నకూ తెలీదు, లేకపోతే డ్రైవరుకు నేర్పించిన అబద్ధంలో అది కూడా చేర్చేవాడు. తెలిసింది ఇద్దరికి. పెట్టినవాడికీ, పెట్టించుకున్నవాడికీ." ఆమె వీరేష్ వైపు తిరిగింది. "గెవనం వచ్చిందా?"

వీరేష్ ఎస్సైకి చేతులు జోడించాడు. "చిన్నయ్యే సార్. పెద్దాయనకు ఈ లైట్లు గిట్టవు, ఆయనకు తెలీకుండా సాయంత్రాలు తానే తోలుతానన్నాడు. ఆర్టీవో వాళ్ళు ఆపితే ఒత్తి చూపిచ్చేదానికి ఎర్రది ఉత్తదే పెట్టమన్నాడు. ఇవి ఎలగవు, ఉత్త సోకు కోసమే అని వాళ్ళకు సెప్పొచ్చునంట. అసలుది ఎవరికీ సెప్పొద్దన్నాడు."

"తిలాపాపం తలా పిడికెడు," అంది కృష్ణాబాయి. "ఎదుటివాడి కళ్ళు పోతే నాకేమని ఒకడు అడిగినాడు, సరేనని ఒకడు చేసినాడు, ఒకాయన చూసి బస్సెక్కినాడు, ఒకాయన కొడుకుకు బదులు డ్రైవరును అప్పజెప్పినాడు. తిరుపాల్, నీదీ తక్కువేం కాదు. చచ్చిన బసన్నకు ఇంట్లో పెండ్లాం ఉంది. ఆమెకు నువ్వు చెప్పింది అబద్ధం."

తిరుపాల్ జీపు దిగి తల వంచుకున్నాడు. "తప్పే అమ్మా. ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉంటిని. సార్, రాసిస్తాను."

"రేపు పొద్దున్నే వచ్చి రాసివ్వు," అని ఎస్సై మహేశ్వర్ మోచెయ్యి పట్టుకుని పోలీసు బండి వైపు నడిపించాడు.

గోవిందన్న కొడుకును చూడలేదు. తిరుపాల్‌నే చూస్తున్నాడు, మేపిన గొడ్డు పొడిచినట్టు.

"ఇన్నేండ్లు తోలితివి. ఆ స్విచ్చు యాడుందో సూసుకోకపోతివే," అన్నాడు.

ఆ మాట ఎస్సైకి కూడా వినబడింది. అతను ఆగి వెనక్కి చూశాడు. తిరుపాల్ యజమాని మొహంలోకి సూటిగా చూశాడు. అన్నేళ్ళ నౌకరీలో అలా చూడడం అదే మొదలని వేదవ్యాస్‌కు అనిపించింది.

"ఒగ మనిషి సచ్చినాడు కదయ్యా," అన్నాడు తిరుపాల్.

ఈశ్వరి గేటు దగ్గర నుంచి, "ఇంగ రా, పోదాం," అంది.

పోలీసు బండి కదిలింది. గోవిందన్న దాన్నే చూస్తూ పంచె సర్దుకుని, అలవాటు చొప్పున జీపు వెనక సీటులో ఎక్కి కూర్చున్నాడు.

"తిరుపాల్, దాని వెనకాలే పోనీ," అన్నాడు.

ముందు సీటు ఖాళీగా ఉంది. అప్పటికి తిరుపాల్ పెండ్లాం పక్కన నడుస్తూ గేటు దాటేశాడు.