మణికట్టు మీద తామర

కోడ్ వర్డ్ తప్పు చెబితే చస్తాడు. సరిగ్గా చెప్పినా చచ్చేలాగే ఉన్నాడు. దొరస్వామి మణికట్టు మీద ఉండాల్సిన గుండ్రటి తామర మచ్చ మాయమైపోయింది మరి!

1915. ఫిజీ దీవుల్లో లంబాసా రేవు. రాజధాని సువాలో పట్టుబడిన జర్మన్ ముఠా కొరియర్‌కి ఆ మచ్చే గుర్తు. అంటుకుంటుందని భయపడి ఏ పోలీసూ సోదా చెయ్యడు. ఆ కొరియర్ వేషంలో వెళ్లి ముఠా బాంబు చేజిక్కించుకోవడం బ్రిటిష్ ఏజెంట్ దొరస్వామి అసైన్‌మెంట్. అందుకే పాపం, ఒప్పందం మీద వచ్చిన గిర్మిట్ కూలీలుండే లైన్ల ఇళ్లలో చేరి, తామర ఉన్నవాడి దుప్పటి కప్పుకుని మరీ అంటించుకున్నాడు. పక్క గది మంగమ్మ చూస్తూ ఊరుకునే మనిషా? వద్దు మొర్రో అంటున్నా వినకుండా, సీమ అవిసె ఆకు నూరి రెండు పూటలా పట్టు వేసింది. కారణం చెప్పలేడు కదా! పది రోజుల్లో చర్మం నున్నగా అయిపోయింది. ఆ మంగమ్మే గిర్మిట్ ముగిసి ఇవాళ మద్రాసు బయల్దేరింది. బాంబు పేలాల్సింది ఆమె ఎక్కిన స్టీమర్‌లోనే.

రేవు గోడౌన్‌లో డబుల్ ఏజెంట్ మోహిని కూర్చుని ఉంది. పట్టు గౌను, మోచేతుల దాకా గ్లౌజులు, పక్కన నెయ్యి డబ్బా. డబ్బాలోంచి టిక్ టిక్ వినిపిస్తోంది.

“వాయినికోరోలో వాన పడిందా?” అని కోడ్ అడిగింది.

“లేదు. మబ్బు పట్టింది.”

“చెయ్యి చూపించు.”

చూపించాడు. పిస్తోలు పైకి లేచింది. దొరస్వామికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క అబద్ధమూ తోచలేదు. చివరికి నిజమే చెప్పేశాడు.

“తగ్గిపోయిందండీ. లైన్లలో ఒకావిడ ఆకు రాసింది.”

మోహిని గ్లౌజు మీంచే మోచెయ్యి బరబరా గోక్కుంది.

“ఏ ఆకు?”

ఇంత ఉక్కలో ఆ గ్లౌజులెందుకో అప్పుడు తెలిసింది. ముఠా గుర్తు ఆవిడకీ ఉంది. మంగమ్మ వెళుతూ ఇచ్చిన ఆకుల పొట్లం అందించాడు. మోహిని పిస్తోలు ఒళ్లో పెట్టుకుని గ్లౌజు బొత్తాలు విప్పసాగింది. దొరస్వామికి ధైర్యం కూడేసరికి ఆవిడ పదిహేనో బొత్తానికి వచ్చింది.

పిస్తోలు లాక్కున్నాడు. డబ్బాని కిటికీలోంచి నదిలోకి విసిరేశాడు. ఢాం! నీళ్లు కప్పు దాకా లేచాయి. స్టీమర్ ఊగింది గానీ చెక్కు చెదరలేదు. దొరస్వామి మాత్రం అక్కడే చతికిలబడ్డాడు.

పోలీసులొచ్చి బేడీలు వేస్తుంటే మోహిని దొరస్వామిని అడిగింది.

“పట్టు ఎన్నాళ్లు వెయ్యాలి?”

“పది రోజులు.”

“అయితే ఉరి పదకొండో రోజున వేయించండి. దురదతో చావలేను.”