నూట తొంభై కిలోమీటర్లు, యాభై ఐదు నిమిషాలు

సరిగ్గా 10:20కి ఏజెంట్ చేతి గడియారం చర్మాన్ని మూడుసార్లు గుచ్చింది. హెడ్‌క్వార్టర్స్ నుంచి అర్జెంట్ కోడ్. డయల్ మీద అక్షరాలు పాకాయి.

"నీలం స్కార్ఫ్ డబుల్ ఏజెంట్. ఆమె ఇచ్చిన బ్రీఫ్‌కేస్‌లో టైమ్ బాంబు. తెరిస్తే పేలుతుంది. తెరవకపోతే 10:35కి. క్షమించు."

చావు కబురు చల్లగా చెప్పడం చీఫ్‌కి అలవాటే. క్షమించు అనడం మాత్రం పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఇదే మొదలు.

బ్రీఫ్‌కేస్ అతని కాళ్ల దగ్గరే ఉంది. విదేశీ ముఠా గుట్టంతా అందులో ఉందంటూ, ఎక్కేముందు లాంజ్‌లో ఆమె నవ్వుతూ చేతికిచ్చింది. ఆరు నెలలుగా ఆ నవ్వుని నమ్మాడు, వెర్రివాడిలా. విమానంలో ముప్పై ఒక్కమంది ప్యాసింజర్లు. నడుపుతున్నది సొంత అక్క మొగుడు.

ఎయిర్‌హోస్టెస్‌కి ఐడీ చూపించి, బ్రీఫ్‌కేస్ కదలకుండా పట్టుకుని కాక్‌పిట్‌లోకి వెళ్లాడు.

"ఏంట్రా, మోటార్లు అమ్ముకునేవాణ్ణి లోపలికెవరు రానిచ్చారు?" అన్నాడు బావ. ఇంట్లో అందరి లెక్కలో అతను నీళ్ల మోటార్ల సేల్స్‌మన్.

ఏజెంట్ రెండు ముక్కల్లో చెప్పాడు. బావ గడియారం వైపు చూశాడు.

"వెనక్కి తిప్పితే?" అన్నాడు ఏజెంట్.

"సగం దాటాం. అటైనా ఇటైనా ఒకటే."

కింద కొండలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్కకి ఏం చెప్పాలా అనుకున్నాడు ఏజెంట్. చెప్పడానికి ఇద్దరిలో ఒక్కడైనా మిగిలితే కదా.

"టైమ్‌టేబుల్ చూసి పెట్టారు బావా. మనం దిగేది 10:50కి. 10:35కి గాల్లోనే ఉంటాం."

బావ పొడిగా నవ్వాడు. "టైమ్‌టేబులా? అది మా కంపెనీ అబద్ధం. ఉన్నది నూట తొంభై కిలోమీటర్లు. గాల్లో ఇరవై ఏడు నిమిషాలు చాలు. లేటని ఎవరూ వేలెత్తి చూపకుండా యాభై ఐదని రాస్తారు. ముందే చేరితే నిలబెట్టడానికి చోటుండదని మమ్మల్ని నెమ్మదిగా పొమ్మంటారు."

"ఇప్పుడు వేగంగా పోతే?"

"10:34. అదీ గాలి కలిసొస్తే."

"ఆశ ఉందా?"

"లేదు. కూర్చో."

గాలి కలిసొచ్చింది. చక్రాలు నేలను తాకినప్పుడు సరిగ్గా 10:34. రన్‌వే చివర విమానం ఆగి, వెనక తలుపు తెరుచుకునేసరికి మిగిలినవి పాతిక సెకన్లు.

ఏజెంట్ దూకాడు. చీలమండ బెణికింది. కుంటుతూనే గడ్డిలో పరుగెత్తి, బ్రీఫ్‌కేస్‌ని ఎండిపోయిన మురుగు కాలువలోకి విసిరి బోర్లా పడ్డాడు. నేల అదిరింది. వీపు మీద మట్టి వర్షంలా కురిసింది.

ముప్పై ఒక్కమందీ బతికారు. నీలం స్కార్ఫ్ అప్పటికే దేశం దాటేసింది. ఆరు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. రేపు మళ్లీ మొదటి నుంచి, ఇంకో నవ్వుని నమ్ముతూ.

బావ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. చేతిలో ఫోన్ ఉంది.

"మా కంపెనీ నుంచి అప్పుడే మెసేజ్ వచ్చింది."

"మెచ్చుకున్నారా?"

"పదహారు నిమిషాలు ముందెందుకు దిగావని సంజాయిషీ అడిగారు."